నిండని ట్యాంకు

మాది అశ్వారావుపేట. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ మా అత్తమ్మ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ రెండు గొప్పలు చెప్పేది. ఒకటి, మా బావి నీళ్ల రుచి. రెండోది, మామయ్య కట్టించిన సెప్టిక్ ట్యాంకు ఒక్కసారి కూడా నిండకపోవడం.

కిందటేడు మా పాప ఓణీల ఫంక్షన్‌కి ఇంటినిండా చుట్టాలు వస్తారని, ముందుజాగ్రత్తగా ట్యాంకు ఖాళీ చేసే బండిని పిలిపించాను. డ్రైవర్ మూత తీసి, టార్చి వేసి చూసి, పైపు పక్కన పడేశాడు.

"లాగనీకి ఏముందమ్మా? అడుగున కొంచెం తడి ఉంది, గంతే."

నాకేమీ అర్థం కాలేదు. ఇంట్లో ఆరుగురం. ఇన్నేళ్లుగా అందులోకి పోయినదంతా ఏమైనట్టు? పురుగులు తినేసి ఉంటాయన్నాడు పక్కింటాయన. అసలు ట్యాంకు ఇంకెక్కడో ఉందేమోనని మా ఆయన పెరడంతా వెతికాడు.

"చెప్పిన గదా, మాది నిండదని!" అంటూ అత్తమ్మ సంబరంగా డ్రైవర్‌కి చెంబుతో బావి నీళ్లు తెస్తూ, దారిలోనే ఆగిపోయింది. ట్యాంకు వైపు చూసింది. నాలుగడుగుల అవతలున్న బావి వైపు చూసింది.

"మరి అదంతా ఏడికి పోతున్నదే?" అని నన్నడిగింది.

ఆ చెంబెడు నీళ్లు ఎక్కడ పారబోయాలో తెలియక అలాగే నిలబడింది.

ట్యాంకు అడుగున సిమెంటే వేయలేదని తర్వాత తెలిసింది. మడ్డి అడుగున నిలవాలట, కొన్నేళ్లకోసారి తీయించాలట. ఇప్పుడు ఎవరైనా "మా ట్యాంకు ఇంతవరకూ నిండలేదండీ" అంటే, చేతిలోని మంచినీళ్ల గ్లాసు మెల్లగా కింద పెట్టేస్తాను.