కువైట్ మాఫీ ఆఖరు తారీఖు: రాజేశం సరిగ్గానే చదివాడు

మీరెవరో నాకు తెలియదు. ఏ మాటలు వెతుకుతూ ఈ పుటకు వచ్చారో మాత్రం ఊహించగలను. ఆ మాటలను శీర్షికలో పెట్టినవాణ్ణి నేనే. ఎందుకు పెట్టానో చివర చెబుతాను. అంతకంటే ముందు చెప్పవలసినది వేరే ఉంది. ఎన్నో ఏళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. మోస్తున్నానని రాయడం కూడా పూర్తి నిజం కాదేమో. నా బరువును మరొకడి భుజాన పెట్టాను. అతడు దానితో నడిచి వెళ్ళిపోతుంటే చూస్తూ నిలబడ్డాను.

ఈ రాతలో తేదీలు ఉండవు. నన్ను ఎరిగినవారికి ఇది వింతగా తోస్తుంది. తేదీ లేని కాగితాన్ని నేను ముట్టేవాణ్ణి కాను. కువైట్‌లోని అర్దియాలో ఒక కట్టడ సామగ్రి గోదామును చాలా ఏళ్ళు చూసుకున్నాను. ఒకసారి సిమెంటు బస్తాల మీద తయారీ తేదీని చెరిపి కొత్త ముద్ర వేశారని కనిపెట్టి, లారీని సరుకుతో సహా వెనక్కి పంపాను. డ్రైవరు బతిమాలాడు. వినలేదు. మనుషులు చెప్పేదాన్ని నమ్మవద్దు, తేదీని చూడండి, అంకెను చూడండి అని నా కింద పనిచేసేవారికి రోజూ చెప్పేవాణ్ణి. అటువంటి నేను ఒక తేదీని మార్చాను. ఇక్కడ తేదీ వేసే అర్హత నాకు లేదు. వేసినా మీరెందుకు నమ్మాలి?

ఉద్యోగం చివరి ఏళ్ళలో తెలుగులో ఒక బ్లాగు నడిపాను. ఇఖామా అనే నివాస అనుమతికి గడువు తీరితే ఏం చేయాలి, కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, పాస్‌పోర్టు దాచుకుంటే ఎవరిని కలవాలి, ఇంటికి వెళ్ళే ముందు ఏ కాగితాలు చేతిలో ఉండాలి, ఇటువంటివి రాసేవాణ్ణి. ఫోన్లలో తెలుగు డబ్బాలు డబ్బాలుగా కాక అక్షరాలుగా కనిపించడం అప్పుడప్పుడే మొదలైంది. ప్రతి సంగతినీ అరబ్బీ పత్రికల్లో ఎవరిచేతనైనా చదివించుకుని, సరిచూసుకున్న తర్వాతే పెట్టేవాణ్ణి. అది మంచి పనే. ఇప్పటికీ ఆ మాట అనగలను. అందుకే తర్వాత జరిగినది మరింత నీచం.

రాసినంత మాత్రాన చదివేవారు రారని త్వరలోనే అర్థమైంది. సెర్చ్‌లో పైన కనిపించాలి. ఆ విద్యను కూడా నా పద్ధతిలోనే నేర్చుకున్నాను. మనవాళ్ళు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలతో కొడతారు. ఒక్కొక్కరూ ఒక్కొక్క విధంగా కొడతారు. ఆ రూపాలన్నీ పుట అడుగున చేర్చేవాణ్ణి. మా కోనసీమవారు క్షమాభిక్ష అనేదాన్ని జగిత్యాల, నిజామాబాదులవారు మాఫీ అంటారు. నేను గడువు అని రాస్తే వారు ఆఖరు తారీఖు అని వెతుకుతారు. వారి మాటను శీర్షికలోకి తెచ్చినప్పుడల్లా సందర్శకుల లెక్క పెరిగేది. ఆ లెక్క పుట పక్కనే కనిపించేది. పొద్దున లేవగానే మొదట దాన్నే చూసేవాణ్ణి. ఎందుకు చూసేవాణ్ణి? నేను ఉపయోగపడుతున్నానని ఆ అంకె చెప్పేది. అంకె చెబితే నేను నమ్ముతాను.

అప్పట్లో అబూ హలీఫాలో ఉండేవాణ్ణి. మా పై అంతస్తులో మనవాళ్ళ గది ఒకటి ఉండేది. శుక్రవారాలు భోజనానికి అక్కడికే వెళ్ళేవాణ్ణి. వండేది సత్యవతి. ఆమెది మా కోనసీమే. పనిచేసే ఇంట్లో మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, పెట్టిన బాధలు పడలేక బయటికి వచ్చేసింది. కాబట్టి ఆమెకు ఇఖామా లేదు. భోజనాలయ్యాక నా బ్లాగును అందరికీ చదివి వినిపించేవాడు రాజేశం. అమ్ఘరాలో పాత ఇనుము యార్డులో పని. జగిత్యాల దగ్గరి పల్లె. గొంతు సవరించుకుని, వార్తలు చదువుతున్నది రాజేశం అని మొదలుపెట్టేవాడు. జీతం పెంచమని మీ వార్తల కంపెనీని అడగరాదా అని గదిలోవారు ఏడిపించేవారు. సత్యవతిని అక్కా అనేవాడు. చుట్టరికమేమీ లేదు.

సత్యవతి ఎదురుచూస్తున్నది మాఫీ కోసం. కాగితాలు లేనివారు శిక్ష లేకుండా స్వదేశానికి వెళ్ళి, కొత్త వీసా మీద తిరిగి రావచ్చునని ప్రభుత్వం ఎప్పుడో ఒకసారి గడువు ఇస్తుంది. మరొక ఇంటి మామా ఆమెకు వీసా తీస్తానని మాట ఇచ్చింది. కూతురు కాకినాడలో నర్సింగు చదువుతోంది. ఆమె ఆశ అంతా ఆ గడువు మీదే ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. ఆమె వడ్డించిన అన్నం తింటూ విన్నాను.

ఒక వేసవిలో మాఫీ రాబోతున్నదని పుకారు లేచింది. ప్రకటన ఏదీ రాలేదు. నేను సరిచూసుకున్నాను కూడా. కానీ జనం వెతకసాగారు. కిందటిసారి నిజంగా మాఫీ ఇచ్చినప్పుడు నేను రాసిన వివరమైన వ్యాసం సెర్చ్‌లో ఎక్కడో అడుగున పడి ఉంది. నా రాతలను ఎత్తి రాసుకునే మరొక బ్లాగు పైన కనిపిస్తోంది. పాత పుటకు కొత్త తేదీ ఇస్తే అది పైకి లేస్తుందని అప్పటికే చదివి ఉన్నాను. శీర్షికలో సంవత్సరం మార్చాను. ప్రచురించిన తేదీని ఆ రోజుకు మార్చాను. లోపల ఒక్క అక్షరం ముట్టుకోలేదు. నెలాఖరు వరకు గడువు ఉన్నదని, పాస్‌పోర్టుతో నేరుగా జవాజాత్ అనే ఇమిగ్రేషన్ కార్యాలయానికి వెళ్ళవచ్చునని ఉన్న వాక్యాలు అలాగే ఉన్నాయి. ప్రకటన వస్తే ఎలాగూ తిరిగి రాస్తాను కదా, ఈలోగా చోటు పట్టుకుంటే చాలునని నాకు నేను చెప్పుకున్నాను. నిజంగా అంతేనా? ఆ వాక్యాలు గుర్తు లేవా? గుర్తున్నాయి. అవి నేను రాసినవి.

పుట పైకి వచ్చింది. లెక్క అంతకు ముందెన్నడూ చూడనంతగా పెరిగింది. ఆ శుక్రవారం సరుకు లెక్కింపు పని మీద గోదాములోనే ఉండి, భోజనానికి వెళ్ళలేదు. మధ్యమధ్య ఫోనులో ఆ అంకెను చూసుకుని సంతోషించాను. ఆ అంకెలో ఒకటి రాజేశం.

ఆదివారం ఉదయం సత్యవతి తనంతట తాను జవాజాత్‌కు వెళ్ళింది. కొత్త చీర కట్టుకుని వెళ్ళిందని తర్వాత విన్నాను. మాఫీ ఏదీ లేదు. పారిపోయిన పనిమనిషి అని కఫీల్ పెట్టిన కేసు ఉంది. అక్కడే ఆపేశారు. పై గదివారు ఆ కబురు ఫోనులో చెప్పగానే నేను చేసిన మొదటి పని ఏమిటో మీరు ఊహించగలరా? ఆమె ఎక్కడ ఉన్నదని అడగలేదు. బ్లాగు తెరిచి పాత తేదీని, పాత సంవత్సరాన్ని మళ్ళీ పెట్టేశాను.

ఆ సాయంత్రమే రాజేశం గోదాముకు వచ్చాడు. చేతిలో ఫోను. పని బట్టలు కూడా మార్చుకోలేదు.

"సార్, మొన్న దీని మీద ఈ యేడాదే ఉండె. నా కండ్లతోని చూసిన."

"ఇప్పుడేముంది?"

"పాతది కనవడుతున్నది."

"అది ఎప్పుడూ అదే. నీవు సంవత్సరం చూసుకోలేదు."

"అక్క రెండుసార్లు చదివిపిచ్చుకున్నది సార్. తారీఖు ఇంకోపారి సదువు తమ్మీ అన్నది. రెండుసార్లు గదే చదివిన."

"రాజేశం, రాసినది దానంతట అది మారదు. చూసేవాడే పొరపడతాడు."

వేలితో పుటను పైకీ కిందికీ జరిపాడు. నా ముఖం వంక ఒక్కసారి కూడా అనుమానంగా చూడలేదు. చూసి ఉంటే చెప్పేసేవాణ్ణా? తెలియదు. ఈ ప్రశ్నను ఎన్నిసార్లు వేసుకున్నానో లెక్క పెట్టలేదు. నా జీవితంలో లెక్క పెట్టనిది ఇదొక్కటే.

"నేనే పొరపడ్డనేమో సార్. ఏడో తరగతిల బందైన చదువు నాది." గుమ్మం దగ్గర ఆగాడు. "మీ పని ఖరాబు చేసిన. మాఫ్ చెయ్యుండ్రి."

నన్ను క్షమించమన్నాడు. సరే, వెళ్ళు అన్నాను.

సత్యవతిని కొన్ని వారాలు నిర్బంధంలో ఉంచి, వేలిముద్రలు తీసుకుని, ఈ దేశానికి మళ్ళీ రాకుండా పంపేశారు. కూతురి చదువు మధ్యలో ఆగిపోయిందని విన్నాను. పోతూ పోతూ, రాజేశాన్ని ఎవరూ ఏమీ అనవద్దని ఫోనులో చెప్పిందట. ఎవరూ ఏమీ అనలేదు. కానీ శుక్రవారాల చదువు ఆగిపోయింది. ఒకసారి ఎవరో ఊరి నుంచి వచ్చిన ఉత్తరం ఇస్తే, నాకు చూపు ఆనుతలేదు, వేరేటోనికి ఇయ్యుండ్రి అన్నాడు. ముప్పై అయిదేళ్ళు కూడా నిండని మనిషి. నేను అక్కడే కూర్చుని మజ్జిగ అన్నం తింటున్నాను. నా కళ్ళద్దాలు ముక్కు మీదే ఉన్నాయి.

మరుసటి ఏడు ఒప్పందం ముగించుకుని వెళ్ళిపోయాడు. నంబరు మారింది. ఆ తర్వాత కొన్నాళ్ళకే బ్లాగు రాయడం మానేశాను. పుటలు మాత్రం ఉన్నాయి. ఆ వ్యాసం తన అసలు తేదీతో, ఏ తప్పూ పట్టడానికి వీలు లేకుండా ఉంది. ఏ పరీక్షకైనా నిలుస్తుంది. నా నేరానికి సాక్ష్యమే లేదు, ఒక మనిషి కళ్ళు తప్ప. ఆ కళ్ళను నేను అబద్ధం చేశాను.

ఈ రోజు ఆ వ్యాసాన్ని తీసేసి, దాని స్థానంలో ఇది పెడుతున్నాను. నాకు తెలిసిన విద్యనంతా ఉపయోగించాను. క్షమాభిక్ష అనలేదు, మాఫీ అన్నాను. గడువు అనలేదు, ఆఖరు తారీఖు అన్నాను. అడుగున అతడు కొట్టే ఇంగ్లీషు అక్షరాల రూపాలన్నీ ఉన్నాయి. ఇన్నేళ్ళ తర్వాత అతడు ఆ మాటలు వెతుకుతాడా? చదవడమే మానేసిన మనిషి. అయినా మళ్ళీ లెక్క చూస్తున్నాను. ఈసారి ఒక్క అంకె పెరిగితే చాలు, అది అతడైతే చాలు. కానీ అతడా కాదా అన్నది అంకె చెప్పదు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. జగిత్యాల వైపు, అమ్ఘరాలో పనిచేసి వచ్చిన రాజేశం మీకు తెలిస్తే, ఫోను అతడి చేతికి ఇవ్వకండి. తీసుకోడు. మీరే చదివి వినిపించండి. నన్ను క్షమించమని అడగడానికి కాదు. ఆ మాట ముందు అతడే నాతో అన్నాడు. దాన్ని తిరిగి అతడితో అనడానికి నాకు నోరు రాదు. శీర్షిక ఒక్కటి చదివితే చాలు. ఇంకోసారి చదవమంటే, ఇంకోసారి చదవండి.