గ్లాసు అడుగు కనపడాలి

రెంటచింతలలో పుట్టినదాన్ని కాబట్టి దాహం గురించి నాకెవరూ పాఠం చెప్పనక్కర్లేదు. మే నెలలో మా ఊళ్ళో కోడి గుడ్డు పెడితే అది ఉడికే బయటికొస్తుంది. మా నాన్న మధ్యాహ్నం పొలం నుంచి వస్తుంటే ఆయన నీడ నడవలేక వెనకబడి, ఆయన అన్నం తిని చెయ్యి కడుక్కునే వేళకి ఇల్లు చేరేది. ఇది అబద్ధమనేవాళ్ళు ఒక్క మధ్యాహ్నం మాచర్ల బస్సు ఎక్కి వచ్చి, మా వీధి చివరిదాకా చెప్పుల్లేకుండా నడిచి, ఆ తరవాత నాతో వాదించాలి.

అలాంటి ఊరి నుంచి వచ్చి, నరసరావుపేటలో ఒక ఎముకల ఆసుపత్రిలో హెడ్ నర్సునై, ఇన్నేళ్ళూ నేను శ్రద్ధగా చేసిన పని జనాన్ని మంచినీళ్ళు తాగనివ్వకపోవడం.

మా ఆసుపత్రిలో ఆపరేషన్ అంటే ముందురోజు రాత్రి అన్నం తిన్నాక నోట్లోకి ఏమీ పోకూడదు. చుక్క నీళ్ళు కూడా. మత్తులో ఉన్నప్పుడు కడుపులో ఉన్నది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి జారితే ప్రాణం మీదికొస్తుంది. కారణం నిజమైనదే. కానీ మత్తు డాక్టరమ్మ గుంటూరులో తన కేసులు ముగించుకుని మా దగ్గరికి రావాలి. ఒక్కోరోజు పదింటికల్లా వస్తుంది, ఒక్కోరోజు పొద్దు వాలాక. అప్పటిదాకా పేషెంటు పెదవులు తడుపుకుంటూ గోడ గడియారం వైపు చూస్తుంటాడు. నేను దొంగలను పట్టేదాన్ని. దిండు కింద ఇడ్లీలు పట్టుకున్నాను. ఎక్స్‌రే కవర్లో అట్లు పట్టుకున్నాను. ఒకాయన సిమెంటు కట్టులోంచి పులిహోర పొట్లం లాగానని కూడా వార్డులో చెబుతుంటాను గానీ, అందులో పొట్లం ఒక్కటే నా కల్పన.

పోయిన వేసవిలో మా ఊరి అవ్వ ఒకామె మిరపకాయల కల్లంలో పట్టా అంచు తట్టుకుని పడింది. తుంటి ఎముక విరిగింది. కొడుకు క్వారీ లారీ మీద ఉన్నాడు. కోడలే కారు మాట్లాడుకుని, గుంటూరు పోదామన్నవాళ్ళను కాదని, నేనున్నానని మా ఆసుపత్రికి తీసుకొచ్చింది. అవ్వకి బీపీ లేదు, షుగర్ లేదు, నోటికి మాత్రం అడ్డూ ఆపూ లేదు. ఆ వయసులో తుంటి విరిగితే ఆపరేషన్ చేసి త్వరగా లేపి నడిపించాలి. లేకపోతే మంచమే మనిషిని తినేస్తుంది. వీపు పుండ్లు పడుతుంది, ఛాతీకి నెమ్ము చేరుతుంది. ఆ సంగతి కోడలికి మొదటిరోజే చెప్పాను.

తొలిసారి అవ్వని రాత్రంతా పస్తుంచి, మధ్యాహ్నందాకా ఎండబెట్టాం. గుంటూరులో మత్తు డాక్టరమ్మకి అత్యవసర కేసు తగిలింది. వాయిదా. మర్నాడు మళ్ళీ పస్తు. ఈసారి డాక్టరమ్మ వచ్చింది, ఆపరేషన్ థియేటర్లో ఏసీ పోయింది. మెకానిక్ వచ్చి పైకి చూసి, కిందికి చూసి, సాయంత్రందాకా కాదన్నాడు. మళ్ళీ వాయిదా.

ఆ మాట చెప్పడానికి వెళ్ళేసరికి అవ్వ నాలుక అంగిలికి అంటుకుపోయి ఉంది. దాన్ని ఊడదీసుకుని నన్ను అడిగింది.

"ఓసే సిస్టరూ, ఇరిగింది కాలు గదా. మీరు గొంతుకెందుకే శిచ్చ ఏస్తన్నారు?"

కోడలు అప్పటికే సంచి సర్దుతోంది. "ఇంక చాలు సిస్టరమ్మా. కారు మాట్లాడతన్నా. రేపు మళ్ళీ ఎండబెడతారు, ఎల్లుండి ఇంకోటంటారు. మా అత్త దాహంతో పోతే ఊళ్ళో నన్నేమంటారు? గుక్కెడు నీళ్ళు బొయ్యక కోడలే చంపిందంటారు."

"ఇంటికి తీసకపోతే నడవదమ్మా. ఇంకెప్పటికీ నడవదు."

"నడవకపోతే మంచంలో పెట్టి సాక్కుంటా. నీళ్ళన్నా తాగుద్ది."

ఇంక వాళ్ళని ఆపే మాట నా దగ్గర లేదు. అలాంటప్పుడే నా నోరు బాగా పనిచేస్తుంది. "ఒక్క రాత్రి ఆగండి. రేపు అవ్వకి నీళ్ళు తాగించి మరీ ఆపరేషన్ చేయిస్తా!" అన్నాను.

అవ్వ నా మొహంలోకి చూసింది. "మీ నాన్న కూడా ఇట్టాగే కోతలు కోసేవాడు," అంది. కానీ కోడలు సంచి కింద పెట్టింది.

మాట ఇచ్చేశాను గానీ దాన్ని ఎలా నిలబెట్టాలో నాకే తెలియదు. పక్కగదిలో మత్తు డాక్టరమ్మ టీ తాగుతూ కారు కోసం చూస్తోంది. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"మేడమ్, ఆపరేషన్‌కు ముందు నీళ్ళు తాగితే నిజంగానే ప్రమాదమా?"

"రెండు గంటల ముందు దాకా మంచినీళ్ళు తాగొచ్చు సిస్టర్. దాని మీద పరిశోధనలు జరిగి, నియమాలు మారి ఎన్నో ఏళ్ళయింది. గుంటూరులో నేను తాగిస్తూనే ఉన్నా."

"మరి ఇక్కడెందుకు తాగించరు?"

"మీ వార్డులో గోడకు రాసి ఉంది కదా, నీళ్ళు కూడా వద్దని. అది మీ సార్ రూలు అనుకున్నా."

డాక్టరమ్మని వెంటబెట్టుకుని సార్ దగ్గరికి, అంటే మా పెద్ద డాక్టరుగారి దగ్గరికి, వెళ్ళి అడిగితే, అది మత్తు డాక్టర్ల రూలు అనుకున్నానన్నారు. ఇక నేనైతే దేవుడి రూలు అనుకుని ఇన్నేళ్ళూ కాపలా కాశాను. ఎవరిదో తెలియని ఆ రూలు కింద ఎంతమంది నాలుకలు ఎండాయో ఆలోచించే ధైర్యం అప్పుడు నాకు లేదు.

సార్ మంచి సర్జన్. ఒక్క పట్టాన దేన్నీ నమ్మరు. "ఈ మాట మీరు చెప్తున్నారా మేడమ్, మా సిస్టర్ చెప్తోందా? సిస్టరైతే సగం కొట్టేసి, మిగతా సగం రేపు వింటా," అన్నారు. డాక్టరమ్మ నవ్వి, ఆ నియమాలున్న కాగితాలు ప్రింటు తీయించి బల్ల మీద పెట్టింది. ఆయన కళ్ళజోడు మార్చుకుని మొదటి నుంచి చివరిదాకా చదివారు. మేమిద్దరం నిలబడే ఉన్నాం.

"నేను చదువుకునే రోజుల్లో ఒకడు దొంగతనంగా అన్నం తిని వచ్చాడు," అన్నారు చదవడం ఆపి. "మత్తులో వాంతి చేసుకున్నాడు. మా కళ్ళ ముందే నీలంగా అయిపోయాడు. అది నేను మర్చిపోలేను."

"అన్నం వేరు, నీళ్ళు వేరు సార్," అంది డాక్టరమ్మ. "కొందరిని పస్తుంచి, కొందరికి నీళ్ళిచ్చి పోల్చి చూశారు. తాగినవాళ్ళ కడుపులో పస్తున్నవాళ్ళకంటే ఎక్కువేమీ మిగల్లేదు. నీళ్ళు అంత తొందరగా దిగిపోతాయి."

"అవి ఎక్కడో చల్లటి దేశాల కడుపులు."

"కడుపులోంచి కిందికి దిగడానికి నీళ్ళకి వీసా అక్కర్లేదు సార్. మన దేశపు మత్తు డాక్టర్లు కూడా ఇదే చెప్తున్నారు."

ఆయన నవ్వలేదు గానీ మెత్తబడ్డారు. ఎవరికి వర్తించదో అడిగారు. పేగు మూసుకుపోయినవాళ్ళు, ముదిరిన షుగర్‌తో కడుపు నెమ్మదించినవాళ్ళు, ఇంకా కొందరు ఉన్నారు, వాళ్ళను విడిగా చూడాలని డాక్టరమ్మ చెప్పింది. అవ్వ వాళ్ళలో లేదు. అప్పుడాయన అసలు ప్రశ్న వేశారు.

"రెండు గంటల ముందు అంటున్నారు. దేనికి ముందు? మీరు ఎప్పుడు వస్తారో మీకే తెలియదు కదా మేడమ్?"

ఆ కాగితాలన్నీ తిరగేసినా నరసరావుపేటకి మత్తు డాక్టరు ఎన్నింటికి వస్తుందో ఉండదు కదా. అప్పుడొక ఉపాయం తేలింది. డాక్టరమ్మ గుంటూరులో ఆఖరి కేసు మొదలుపెట్టేటప్పుడు మాకు ఫోను చేయాలి. ఆ కేసు ముగిసి, కారెక్కి, ఇక్కడికి చేరి, మత్తు ఇచ్చేలోగా ఎంత తొందరపడినా రెండు గంటలు దాటుతుంది. ఫోను వచ్చేదాకా నీళ్ళు, ఫోను వచ్చాక బంద్. ఈ ఉపాయం నాదేనని నేను చెప్పుకుంటాను. తనదని డాక్టరమ్మ చెప్పుకుంటుంది. సార్‌ని అడగండి, ఇద్దరిదీ కాదంటారు.

"రేపు ఒక్కరోజు చూద్దాం," అన్నారాయన. "తేడా వచ్చిందంటే పాత పద్ధతే. మళ్ళీ ఈ కాగితాలు నా దగ్గరికి తేవద్దు."

మర్నాటి జాబితాలో ఇద్దరే ఉన్నారు. మొదట అవ్వ, తరవాత మణికట్టు విరిగిన ఒక బైకు మెకానిక్ భాయ్. అన్నం, టిఫిను వద్దు, నీళ్ళు మాత్రం తాగొచ్చని ఇద్దరికీ చెప్పి, ఆ రాత్రి ఇంట్లో మహారాణిలా నిద్రపోయాను.

పొద్దున ఏడింటికి వార్డులోకి వెళ్ళేసరికి అవ్వ మొహం కళకళలాడుతోంది. దగ్గరికి వెళ్ళి చూస్తే పై పెదవి మీద తెల్లటి మీసం.

"ఏంది అవ్వా ఇది?"

"నీళ్ళేనే. నువ్వే గదా తాగమంది."

మంచం కింద స్టీలు క్యాన్ కనిపించింది. మూత తీసి చూశాను. పలచటి మజ్జిగ, ఉప్పు, కరివేపాకు.

"ఇది మజ్జిగ గదమ్మా!" అని కోడలి మీదికి వెళ్ళాను.

ఆ మనిషి నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది. "మజ్జిగ నీళ్ళు గాకపోతే ఏంది సిస్టరమ్మా? గేదెల్ని కొనే బేరగాడొచ్చినా మజ్జిగే ఇస్తాం. రెండ్రోజులు ఎండిన ముసలిదానికి ఒట్టి నీళ్ళు పోస్తానా, నేనేమన్నా రాచ్చసినా? మీ అమ్మ పోసేది కాదా ఎండాకాలంలో?"

పోసేది. మా ఊళ్ళో ఎండన పడి వచ్చినవాళ్ళకు నీళ్ళు ఇవ్వడం అంటే మజ్జిగ ఇవ్వడమే. ఒట్టి నీళ్ళు కాళ్ళు కడుక్కోవడానికి. ఆ ఊళ్ళో పుట్టి కూడా నాకు ఆ ఊహ రాలేదు.

నా చేతిలో దూది ఉంది. ఒక్కసారి అలా తుడిస్తే మీసం పోతుంది. కోడలు నోరు విప్పదు. కానీ మత్తు డాక్టరుకు చెప్పేచోట కథ పనికిరాదు. అక్కడ కథ మనిషిని చంపుతుంది. ఫోను తీశాను.

"ఎప్పుడు తాగింది?" అంది డాక్టరమ్మ.

"ఆరింటికి మేడమ్. మళ్ళీ ముట్టలేదు."

ఆమె జవాబు చెబుతుండగానే సార్ వార్డులోకి వచ్చేశారు. క్యాన్ చూశారు, అవ్వ మీసం చూశారు, నన్ను చూశారు. "చెప్పానా లేదా? రేపటికి మార్చండి. రేపు చుక్క కూడా పోయొద్దు."

"రేపు లేదు సారూ," అంది కోడలు. సంచి మళ్ళీ మంచం మీదికెక్కింది. "ఇంక మా వల్ల గాదు. తీసకపోతాం."

అవ్వ పైట చెంగుతో మీసం తుడుచుకుంది.

"సార్, ఒక్క నిమిషం," అన్నాను. "నీళ్ళ సంగతి రాసిన కాగితమే పాల సంగతి కూడా రాసింది. పాలకి ఆరు గంటలు. మజ్జిగని కూడా పాలలాగే చూడాలంటున్నారు మేడమ్, లైన్లోనే ఉన్నారు. రేపటి దాకా ఎందుకు సార్, మధ్యాహ్నం దాకా ఆగితే చాలు గదా? కాగితాన్ని నమ్మితే మొత్తం నమ్మాలి."

ఆయన నా ఫోను లాక్కుని వరండాలోకి నడిచారు. కోడలు సంచి పట్టీ పట్టుకునే నిలబడింది. ఆయన తిరిగొచ్చి, మెకానిక్ మంచం దగ్గర ఆగారు.

"భాయ్, నువ్వేం తాగావు?"

"నీళ్ళే సార్. మా ఇంట్లో మజ్జిగ తెచ్చేవాళ్ళు ఇంకా నిద్ర లేవలేదు."

"అయితే ముందు నువ్వు. అవ్వ తరవాత." నా వైపు తిరిగారు. "ఈలోపు ఆమెకి నీళ్ళివ్వండి. నీళ్ళు, సిస్టర్! మీ ఊరి నీళ్ళు కాదు, మామూలు నీళ్ళు!"

కోడలు మంచం మీది సంచి దించింది.

పది దాటాక గుంటూరు నుంచి ఫోను వచ్చేదాకా అవ్వకి నేనే గ్లాసు పట్టాను. మజ్జిగ తాగిన నోరు ఒట్టి నీళ్ళతో కడిగిస్తున్నావా అని తిట్టుకుంటూనే తాగింది. ఇదివరకు ఎండిన మనుషుల చేతులకి సూది వేయాలంటే నరం కోసం గుచ్చి గుచ్చి వెతికేవాళ్ళం. అవ్వ చేతిమీద నరం నిండుగా, తాడులా కనిపించింది. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక లోపలికి తీసుకెళ్ళాం. నడుముకి మత్తిచ్చారు, మనిషి మెలకువగానే ఉంది. సార్ సుత్తితో కొడుతుంటే, "ఎవురది, తలుపు కొడతన్నారు?" అని అడిగింది. డాక్టరమ్మ మాస్కు వెనక నవ్వుతోందని భుజాలు చూస్తే తెలిసింది. వాంతి లేదు, వికారం లేదు. ఎముక సరిగ్గా కూర్చుంది. బయటికొచ్చి సార్ చేతులు కడుక్కుంటూ, "రేపటినుంచి అందరికీ ఇదే పద్ధతి," అన్నారు. నేను వరండాలోకి వెళ్ళి, ఎవరూ చూడకుండా గిరగిరా ఒక చుట్టు తిరిగాను.

గోడ మీది పాత రాతను తుడిపించాం. కొత్తది ఏం రాయాలన్నది పెద్ద చర్చ అయింది. డాక్టరమ్మ చెప్పినట్టు "స్వచ్ఛమైన ద్రవాలు" అని రాస్తే, మా గేదె పాలకంటే స్వచ్ఛమైనది ఏముంటుందని కోడలే అడిగింది. చివరికి ఆమెకి అర్థమైన మాటే రాశాం: గ్లాసు అడుగు కనపడితే తాగొచ్చు, కనపడకపోతే వద్దు. ఇక ఆమె వార్డుకి పోలీసయింది. ఎవరు గ్లాసెత్తినా వంగి లోపలికి చూసేది. "ఏమే, ఆ టీలో అడుగు యాడ కనపడతంది? పెట్టు కింద!" ఒక పెద్దమనిషి మాత్రం గ్లాసు నా మొహం ముందుకే తెచ్చి, "అడుగు చానా బాగా కనపడతంది సిస్టరమ్మా," అన్నాడు. వాసన చూస్తే గుప్పుమంది. దాని గురించి పరిశోధన చేయాల్సిన అవసరం లేకపోయింది. ఆ సంగతి కూడా గోడ మీద చేర్చాం.

అవ్వని మర్నాడే వాకరుతో నిలబెట్టాం. నన్ను, సార్‌ని, వాకరు చేసినవాణ్ణి వరసగా తిట్టి ఒక అడుగు వేసింది. ఇంటికి వెళ్ళే రోజున చక్రాల కుర్చీ తెస్తే ఎక్కనంది. వార్డు నుంచి గేటు దాకా వాకరు పట్టుకుని, మధ్యలో రెండుసార్లు ఆగి, నడిచే వెళ్ళింది. భాయ్ కట్టు కట్టిన చేతిని గాల్లో ఊపాడు. మంచాల మీదున్నవాళ్ళు కిటికీల్లోంచి చూస్తున్నారు. కొడుకు కారు తలుపు తీసి ఎత్తి కూర్చోబెట్టబోతే చెయ్యి విదిలించింది.

సార్ మెట్ల మీద నిలబడి ఉన్నారు. అవ్వ వెనక్కి తిరిగి కేకేసింది. "సారూ! రెండో కాలు ఇరిగినా నీ కాడికే వస్తా!"

"నీ కాళ్ళకి దణ్ణం పెడతా అవ్వా, ఇరగకుండానే రా!"

"అట్టాగే. మజ్జిగ తెస్తాలే," అని, తనంతట తానే కారెక్కింది.