పళ్లెం కనబడేంత లోతు

మా వంటింటి గోడకు ఒక స్టీలు పళ్లెం వేలాడుతుంటుంది. అందులో ఎవరమూ అన్నం తినం. దానికి నడుమ చిల్లు, పైన నాలుగు భాగాలుగా తెలుపు, నలుపు రంగు. రంగు సగం పెచ్చులూడింది. ఇంటికొచ్చిన చుట్టాలు దిష్టి కోసం కట్టామనుకుంటారు. నేను కాదనను. చెప్పడం మొదలుపెడితే ఆ ఆదివారాలన్నీ చెప్పాల్సి వస్తుంది.

చంద్రపూర్‌లో ఒక మరాఠీ దినపత్రికకు ముప్పై ఏళ్లకు పైగా జిల్లా వార్తలు రాశాను. మాది రాజురా వైపు తెలుగు రైతు కుటుంబం. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు. తెలుగు అక్షరాలు మా నాయన పొలం గట్టు మీద పుల్లతో గీసి నేర్పాడు. ఉద్యోగం అయిపోయాక పొద్దున్నే మెలకువ వచ్చేది గాని, వెంటపడడానికి వార్త ఉండేది కాదు. భద్రావతి రోడ్డుకు దిగువన ఉన్న చెరువు దగ్గర ఆదివారాలు కొందరు చేరి నీళ్లను, పిట్టలను చూసి పుస్తకంలో రాసుకుంటున్నారని తెలిసి ఒకనాడు వెళ్లాను. వానాకాలంలో పది మంది ఉండేవారు, చలి ముదిరితే ముగ్గురు. ఆ ముగ్గురిలో నేనొకణ్ణి అయ్యాను.

రెండో మనిషి టీచరమ్మ. కోర్పనా దగ్గరి ఊరి తెలుగు పిల్ల, మరాఠీలోనే చదివి మరాఠీ బడిలో సైన్సు చెబుతుంది. స్కూటీ మీద ఒక సంచి తెచ్చేది. అందులో చిన్న చిన్న సీసాలు, రంగు మారే కాగితాలు, దుర్భిణి, ఒక డబ్బా నిండా అటుకుల పోహా. నీళ్లలో పులుపు ఎంత, చేపలు పీల్చుకునే గాలి ఎంత అన్నది ఆమె చూసేది. నన్ను కాకా అనేది, మూడో మనిషిని మామా అనేది.

ఆ మూడో మనిషి సర్దార్. అది పేరు కాదు, ఆయన చేసిన ఉద్యోగం. పెద్దపల్లి వైపు నుంచి పడుచుతనంలోనే బొగ్గు గనికి వచ్చాడు. గనిలో పని మొదలయ్యే ముందు ఒక మనిషి ముందుగా వెళ్లి పైకప్పును కర్రతో తట్టి చప్పుడు వింటాడు. ఖంగుమంటే గట్టిది. డొల్లగా మోగితే కూలేది. ఆయన సరే అన్నాకే మిగతావాళ్లు లోపల అడుగుపెట్టాలి. ఆ మనిషినే సర్దార్ అంటారు. వాళ్లలో ఒక పద్ధతి ఉండేది. సర్దార్ తట్టిన చోట ఇంకొకరు తట్టరు. తడితే, నీ మాట మీద నాకు నమ్మకం లేదని ముఖం మీద అన్నట్టే.

పళ్లెం ఆయనదే. గనిలో ఎన్నో ఏళ్లు అన్నం తిన్న పళ్లెం. టీచరమ్మ పుస్తకంలో బొమ్మ చూపిస్తే, మరునాటికల్లా చిల్లు పొడిచి, రంగు వేసి, అడుగున బరువుకు ఒక పెద్ద ఇనుప నట్టు బిగించి, తాడు కట్టి తెచ్చాడు. తాడుకు జానెడు జానెడుకూ ముడి. నీళ్లలోకి పళ్లేన్ని మెల్లగా దించుతూ పోవాలి. తెలుపు నలుపులు కలిసిపోయి, పళ్లెం కనబడకుండా పోయినప్పుడు ఆపి ముళ్లు లెక్కపెట్టాలి. నీళ్లు తేటగా ఉంటే ఎక్కువ ముళ్లు, మురికైతే తక్కువ. ఇంతకన్నా తేలిక పరీక్ష ఇంకోటి లేదు.

చెరువుకు రాతిమెట్లు ఉండేవి. అన్నిటికన్నా కిందిమెట్టు మీద ఒక్కరికే చోటు. సర్దార్ చెప్పులు విప్పి, లుంగీ మడిచి, ఎండకు వీపు పెట్టి అక్కడ కూర్చునేవాడు. పళ్లెం దిగుతున్నంతసేపూ మేం మాట్లాడేవాళ్లం కాదు. కాసేపటికి మెట్ల కింది నుంచి గొంతు వినబడేది.

"ఎనిమిది. ఎనిమిది ముళ్లు. రాసుకో బిడ్డా."

ఆమె రాసేది. ఆయన మాట మీద ఇంకొకరు తొంగిచూడాలని ఎవరికీ తోచలేదు. గనిలోని పద్ధతి మాతో పాటే మెట్లు దిగిందని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ పొద్దుల్ని తలచుకుంటే నాకు ముందు పోహా వాసన వస్తుంది, తర్వాత నీటి వాసన. చలికాలం ఈలవేసే బాతులు మంద మందగా దిగేవి. తామరాకుల మీద పొడుగు వేళ్ల పిట్ట ఆచితూచి నడిచేది. అటు రోడ్డు మీద బొగ్గు లారీలు పోతుండేవి. ఇటు నీటికాకి ఒకటి మోడు మీద రెక్కలు ఆరేసుకుని కూర్చునేది. దాన్ని చూపించి సర్దార్, "గా కాకిని సూడుండ్రి. మొదటి షిప్టు దిగి తానం జేసి వచ్చినట్టే ఉంది" అనేవాడు. టీచరమ్మ పిట్టలను లెక్కపెడుతుంటే మధ్యలో పలకరించి లెక్క తప్పించడం ఆయనకో సరదా.

"మామా, మల్ల మొదటి నుంచి ఎంచాలె! నువ్వు జర గప్ కూసో."

"ఎంచు బిడ్డా. పిట్టలు యాడికి పోతయ్, నీ బళ్లె పిల్లలా అవి?"

ఒక ఏడాది దసరా దాటింది. వానలకు కలిసిన మట్టి అడుక్కు దిగి, నీళ్లు తేటపడాల్సిన కాలం. సర్దార్ ఏడు అన్నాడు. మరో రెండు వారాలకు ఆరు. చలి వచ్చింది, బాతులు వచ్చాయి, ఆయన ఐదు దగ్గర నిలిచాడు. ముళ్లు తగ్గేకొద్దీ ఆయన ముఖం కూడా వాడేది. పళ్లెం పైకి తీసి, తువ్వాలతో తుడిచి, మళ్లీ దించేవాడు.

"చెర్వు ఖరాబైతుంది" అనేవాడు. "కండ్ల ముందట్నే ఖరాబైతుంది."

టీచరమ్మకు ఏదో పొసగలేదు. సీసాల్లో నీళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి. పోయిన ఏటికన్నా బాతులు ఎక్కువే దిగాయి. ఒకరోజు తిరిగి వెళ్లేటప్పుడు స్కూటీ ఆపి నన్ను అడిగింది.

"కాకా, నీళ్లు మంచిగనే ఉన్నై, పిట్టలు మంచిగనే ఉన్నై. పళ్లెం ఒక్కటే గిట్లెందుకు చెప్తుంది?"

"సర్దార్ చెప్తుండు గదా" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. ఒక్కరి మాట మీద వార్త రాయకూడదని నాకు మొదటి రోజే నేర్పారు. ఎవరైనా ఫోన్ చేసి చెబితే ఇంకొకరిని అడగకుండా కలం పట్టేవాణ్ణి కాదు. అలాంటివాణ్ణి, సర్దార్ ఐదు అంటే ఐదు అని రాసుకుని, మా పాత పత్రికకు ఒక వార్త పంపాను. చెరువు నీళ్లు మసకబారుతున్నాయని, ఎవరైనా వచ్చి చూడాలని. లోపలి పేజీలో, కింద, చిన్నగా వచ్చింది. సర్దార్ దాన్ని కత్తిరించి జేబులో పెట్టుకున్నాడు.

శివరాత్రి ముందు ఆదివారం, వార్త చూసి నీటిపారుదల ఆఫీసు నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. మరాఠీ అతను, మర్యాదస్తుడు. బూట్లు విప్పి మెట్లు దిగాడు. సర్దార్ ఎప్పటిలా కూర్చుని పళ్లెం దించాడు. అతనికి మా పద్ధతి తెలియదు. సర్దార్ భుజం మీదుగా వంగి నీళ్లలోకి చూస్తున్నాడు.

"ఐదు" అన్నాడు సర్దార్.

"దిస్తే నా అజూన్" అన్నాడు ఇంజనీరు మామూలుగా. ఇంకా కనబడుతోంది కదా అని.

సర్దార్ తల తిప్పలేదు. నేను మెట్టు దిగి వంగాను. పళ్లెం కనబడుతోంది. తెలుపు వేరుగా, నలుపు వేరుగా, నీళ్ల అడుగున ఊగుతోంది. సర్దార్ ఒక్కో ముడీ వదులుతూ పోయాడు. ఆరు. ఏడు. ఎనిమిది దాటాక గాని ఇంజనీరుకు అది మాయం కాలేదు.

ఆయన తాడు పైకి లాగాడు. పళ్లెం తుడిచాడు. తాడు చుట్ట చుట్టి టీచరమ్మ చేతిలో పెట్టి, "నువ్వు పట్టుకో బిడ్డా" అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. పోహా డబ్బా ఆ రోజు తెరవలేదు.

రెండు ఆదివారాలు ఆయన రాలేదు. మూడో వారం నేనే వాళ్లింటికి వెళ్లాను. సర్దార్ మంచం మీద గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆయన భార్య నన్ను చూడగానే మొదలుపెట్టింది.

"రాండ్రి అన్నా. ఏడాది సంది మొత్తుకుంటున్న. బియ్యం ఏరుమంటే రాళ్లు ఉంచి బియ్యం పారేస్తుండు. దవాఖానకు పోదాం పా అంటే, కరెంటు తక్కువొస్తుంది, లైట్లు మబ్బుగున్నయ్ అంటడు. రెండు కండ్లకు పొర, మోతిబిందు వచ్చి కూసున్నది, డాక్టర్ జెప్పిండు మొన్న."

"నువ్వు జర చాయ పెట్టు" అన్నాడు సర్దార్ గోడతో మాట్లాడుతున్నట్టు.

ఆమె లోపలికి వెళ్లాక, ఇటు తిరగకుండానే అన్నాడు.

"మసక ఉన్నదని నాకు ఎరుకనే. నీళ్లల్ల ఉన్నదనుకున్న."

"తప్పు నీ ఒక్కనిది గాదు సర్దార్. ముప్పై ఏండ్లు ఒక్కని మాట మీద వార్త రాయలే నేను. మొన్న రాసిన."

"గనిల గిట్ల తప్పు చెప్పుంటే నలుగురు మనుషులు పోదురు."

"ఇది గని గాదు గదా."

"మాట మాటనే. నా దగ్గర ఇంకేమున్నది? గిప్పటి సంది నేను ఎనిమిది అంటే ఎవలు నమ్ముతరు?"

ఆయన భయపడింది కంటి ఆపరేషన్‌కు కాదని అప్పుడు తెలిసింది. కళ్లు బాగైనా ఆ కిందిమెట్టు మీద మళ్లీ కూర్చోగలనా అన్నదే ఆయన దిగులు. నాకు తెలిసిన పని గురించి చెప్పాను. పేపర్లో తప్పు పడితే తెల్లారి అదే పేజీలో సవరణ వేస్తామని చెప్పాను.

"ఏస్తే, మల్ల పేపరు కొంటరా జనం?"

"కొంటరు."

"నువ్వు ఎన్నిసార్లు ఏసినవ్?"

"లెక్క పెట్టలే."

"గందుకే మా ఇంట్ల పేపరు అల్మారల పరుసుకునుడికే పనికొస్తుంది" అంది ఆమె చాయ తెస్తూ. సర్దార్ నవ్వాడు. గోడ వైపు నుంచి ఇటు తిరిగి కప్పు అందుకున్నాడు.

ఆ వారమే నేను సవరణ రాసి పంపాను. రెండు వాక్యాలు. చెరువు నీళ్లు మసకబారలేదు, కొలవడంలో మేం పొరపడ్డాం. పేరు ఎవరిదీ పెట్టలేదు. ఎండలు ముదరక ముందే ఆయనకు ఆపరేషన్లు అయ్యాయి.

పాడ్వా పండుగ, అంటే మన ఉగాది, దాటాక, ఒక ఆదివారం నల్లద్దాలు పెట్టుకుని వచ్చాడు. టీచరమ్మ తాడు అందించింది. ఆయన కిందిమెట్టు మీద కూర్చున్నాడు గాని పళ్లెం దించలేదు. అద్దాలు తీసి జేబులో పెట్టుకుని, వెనక్కి తిరిగాడు.

"ఏంది, గక్కడనే నిలబడ్డరు? రాండ్రి, మీరు గూడ సూడుండ్రి."

ఒక్కరి చోటులో ముగ్గురం ఇరుక్కున్నాం. నేను జారకుండా టీచరమ్మ నా చొక్కా పట్టుకుంది. పళ్లెం దిగింది. ఎవరికి కనబడకుండా పోయినప్పుడు వాళ్లు చెప్పాలన్నది ఆయన పెట్టిన కొత్త పద్ధతి. నేను ఏడు దగ్గర అయిపోయిందన్నాను. ఇద్దరూ ఇంకా నీళ్లలోకే చూస్తున్నారు. ఎనిమిది దాటాక ఆమె అంది, ఆ వెంటనే ఆయన. ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు.

"అన్నా, దవాఖాన తొవ్వ నాకు ఎరుకే. తోల్కపోత పా" అన్నాడు సర్దార్.

మెట్లెక్కి పైకి వచ్చాక టీచరమ్మ పుస్తకం తెరిచింది. దసరా నుంచి రాసిన ముళ్ల లెక్కలన్నీ కొట్టేయాలని ఎర్ర పెన్ను తెచ్చుకుంది. సర్దార్ ఆమె చేయి పట్టుకుని ఆపాడు.

"కొట్టెయ్యకు. గనిల బుక్కుల కొట్టేసుడు ఉండదు. రాసింది అట్లనే ఉంటది. కింద ఇంకోటి రాసి సంతకం పెడ్తరు."

పెన్ను తీసుకుని ఆయనే రాశాడు. పుస్తకమంతా మరాఠీ. ఆయన రాసింది తెలుగు, పెద్ద పెద్ద అక్షరాలు, వంకరగా. టీచరమ్మ అటూ ఇటూ తిప్పి చూసింది.

"కాకా, నాకు తెలుగు సదవరాదు. ఏం రాసిండు మామ?"

నేను చదివాను. "దసరా నుంచి శివరాత్రి దాక రాసిన ముళ్లు చెర్వువి కావు. నా కండ్లవి." కింద సంతకం.

టీచరమ్మ ఎర్ర పెన్నుకు మూత పెట్టి, పోహా డబ్బా తెరిచింది.

ఆ తర్వాత మరో మూడు చలికాలాలు ఆయన పళ్లెం దించాడు. మేం ఇద్దరం పక్కన వంగి చూశాం. పుస్తకంలో ఒక గడి ఉండే చోట మూడు గడులయ్యాయి. ఇప్పుడు ఆయన, ఆయన భార్య మంచిర్యాలలో కూతురి దగ్గర ఉంటున్నారు. వెళ్లేటప్పుడు పళ్లెం నాకిచ్చాడు. చెరువు దగ్గర ఇప్పుడు టీచరమ్మ తెప్పించిన కొత్త పళ్లెం, గీతలు అచ్చువేసిన తాడు వాడుతున్నాం.

ఆదివారం పదింటికి ఆయన ఫోన్ చేస్తాడు. లారీల చప్పుడు వినబడుతోందా, నీటికాకి వచ్చిందా అని అడుగుతాడు. ఎన్ని ముళ్లని ముందుగా అడగడు.

"ఎందరు సూసిండ్రు?" అంటాడు.