పక్కకు తీసిన పదకొండు కార్డులు

శుక్రవారం, పొద్దున పది గంటల ఇరవై నిమిషాలు. చాట ఒళ్లో పెట్టుకుని తొమ్మిదో బీడీ కట్టకు దారం చుడుతున్నాను. కోరుట్ల నుంచి మా చెల్లె ఫోన్ చేసింది.

"అక్కా, మీ సిరిసిల్ల లెక్క అచ్చుల వడ్డదే!"

మోకాళ్ల నొప్పులకని అక్కడి డాక్టరు దగ్గరికి పోతే ఆయన ఒక గోలీ రాశాడట. అది ఎంత బాగా పనిచేసిందో తన ఫోనులో చూపించి, ఆ కాగితం చెల్లె ఫోనుకు కూడా పంపాడట. కిందటేడు మా వాడలో జరిగిన మందు పరీక్ష లెక్కే అది. వైద్యుల పత్రికలో అచ్చయింది.

నాకు కాళ్లు నేల మీద ఆగలేదు. ఆ పరీక్షకు కార్డులు పంచింది నేను, తిరిగి పోగుచేసింది నేను. జగిత్యాల నుంచి ఒక డాక్టరమ్మ వచ్చి, రోజంతా కాళ్లు ముడుచుకుని బీడీలు చేసేవాళ్లకే ఈ నొప్పులు ఎక్కువని మా వాడను ఎంచుకుంది. మనిషికొక కార్డు. ఆరు వారాలు గోలీ వేసుకుంటూ నొప్పి ఎట్లా ఉందో, ఇంకేమైనా బాధ వచ్చిందో ఏ రోజుకారోజు అందులో రాయాలి. రాయరానివాళ్లకు ఇంట్లో పిల్లలు రాసిపెట్టారు.

"కడుపుల మంట ఎవ్వరికి రాలేదని ఉన్నది. నిజమేనా? నాకు కడుపుల పాత పుండున్నది గదా, గందుకే అడుగుతున్న," అంది చెల్లె.

"రాలే, రాలే. పోగుజేసింది నేనే గద!" అన్నాను.

అంకెలు కూడా చదివించుకుని చాట అంచున పెన్సిలుతో రాసుకున్నాను. సిరిసిల్లలో ఇరవై తొమ్మిది మంది. అందులో నొప్పి తగ్గినవాళ్లు ఇరవై నాలుగు. కడుపు మంట, సున్నా. ఫోన్ పెట్టేసి అల్మారాలోంచి నా నోటుబుక్కు తీశాను. అచ్చులో వచ్చిన లెక్కను నా లెక్కతో సరిచూసుకోకుండా ఉండగలనా!

నోటుబుక్కులో "ఇచ్చినవి నలభై" అని ఉంది. దాని కింద నా చేతిరాతే, "అప్పజెప్పినవి ఇరవై తొమ్మిది."

పేర్లు వేలు పెట్టి లెక్కించాను. రెండోసారీ నలభైయే. అప్పుడు గుర్తొచ్చింది.

బీడీలు చేసేవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. కార్ఖానాలో చెకర్ ఒక కట్ట విప్పి చూస్తాడు. వంకరవో, మూతి సరిగా ముడవనివో రెండు కనబడితే పిడికెడు తీసి పారేస్తాడు, ఆ రోజంతా మన మీద కన్నేసి ఉంచుతాడు. అందుకే ఇంటి దగ్గరే చెడ్డవి ఏరేసి, మంచివే కట్ట కట్టి తీసుకుపోతాం. పదకొండేళ్ల వయసు నుంచి నేను చేస్తున్న పని ఇది. కార్డులు అప్పజెప్పే రోజు వాడ ఆడవాళ్లందరూ మా అరుగు మీద చేరారు. పక్కింటి వదిన తన కార్డు నా ముందు పడేసింది.

"దీన్ల నొప్పి తగ్గలేదని, కడుపు మండిందని మా పిల్లలు రాసిండ్రు. గిసొంటిది ఇస్తే డాక్టరమ్మ మనందర్ని తీసేస్తది. పక్కకు వెట్టు."

నేను పెట్టాను. అటువంటివే ఇంకో పది ఉంటే వాటినీ ఏరాను. మిగిలినవాటి అంచులు సమంగా తట్టి, బీడీ దారంతో రెండు చుట్లు చుట్టి ముడివేశాను. ఎంత నీటుగా కట్టానో అని ఆ రోజు మురిసిపోయాను కూడా.

ఇరవై తొమ్మిదిలో ఇరవై నాలుగంటే ఇంచుమించు ఆరుగురిలో అయిదుగురు. నలభైలో ఇరవై నాలుగంటే అయిదుగురిలో ముగ్గురే. కడుపు మంట సున్నా అన్నది నా చేతులతో నేను చేసిన సున్నా. ఆ సున్నాను నమ్మి మా చెల్లె గోలీలు మింగుతోంది.

పదీ నలభైకి ఫోన్ చేశాను. "ఇగో, గా గోలీలు ఏసుకోకు. మంట వచ్చినోళ్లు ఉన్నరు."

"పావుగంటల మాట మార్చినవా? మూడు దినాలాయె ఏసుకోవట్టి. అన్నం తిని ఇంకోటి ఏసుకుంట."

"వద్దంటున్న గదనే!"

"డాక్టరు అచ్చుల చూపిచ్చిండు. నువ్వు ఉత్త నోటితోని చెప్తున్నవ్. అచ్చు నమ్మాల్నా, నిన్ను నమ్మాల్నా?"

"గా అచ్చు నేను ఏరిచ్చిందేనే!" అన్నాను. అప్పటికే ఫోన్ పెట్టేసింది.

అచ్చు తప్పని అచ్చు వేయించినమ్మే చెప్పాలి. నోటుబుక్కు సంచిలో వేసుకుని పరుగులాంటి నడకతో బస్టాండుకు పోయాను. పదకొండూ పదికి జగిత్యాల బస్సు. ఆడవాళ్లకు పైసలు లేకుండా ఇచ్చే జీరో టికెట్ మీద సమయం ఉంటుంది, ఇప్పటికీ నా నోటుబుక్కులో అంటించి ఉంది. వేములవాడ దాటేదాకా నలభై, ఇరవై తొమ్మిది, పదకొండు, ఆ మూడు అంకెలే కూడుతూ, తీసేస్తూ కూర్చున్నాను. భయం ఉంది, కాదనను. కానీ ఇంత వయసులో ఒక అచ్చయిన లెక్కలో తప్పు పట్టుకున్నానన్న ఉత్సాహం దానికంటే ఎక్కువుంది. పక్క సీటు ఆమె "ఏమాయె పెద్దమ్మా, లాటరీ తాకిందా?" అని అడిగింది.

ఒంటిగంట పావుకు డాక్టరమ్మ గదిలో ఉన్నాను. నిలబడే అంతా చెప్పాను. ఆమె ముఖం పాలిపోయింది.

"పదకొండు మంది నడుమల మానేసిండ్రనుకున్న అమ్మా. ఎందుకు మానేసిండ్రో నేను అడుగలే. అడుగాల్సుండె."

"తప్పు నాది బిడ్డా. మంచియి ఏరుడు మాకు అలవాటు."

ఆమె లేచి బీరువా తెరిచి లావుపాటి ఫైలు ఒకటి బల్ల మీద పెట్టింది. అదే గోలీ మీద జగిత్యాలలో చేసిన పరీక్ష అది. అక్కడ సగం మందికి అసలు గోలీ, సగం మందికి మందు లేని ఉత్త గోలీ ఇచ్చారట. ఉత్త గోలీ మింగినవాళ్లకు కూడా నొప్పి అంతే తగ్గిందట.

"మరి గిది అచ్చుల రాలేదేంది?"

"రెండు పత్రికలకు పంపిన. కొత్త సంగతేం లేదని వాపసు పంపిండ్రు. మందు పనిచేసిందంటే ఉరికొచ్చి ఏసుకుంటరు. పనిచేయలేదంటే ఎవ్వరికి వద్దు. ఇగ బీరువల వెట్టిన."

"అంటే నువ్వు గూడ ఏరినవన్నట్టు! నేను పదకొండు కార్డులు, నువ్వు ఒక ఊరు ఊరే!"

ఆమెకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. వెంటనే చెల్లెకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. పాత పుండు ఉన్నవాళ్లు ఆ గోలీ వేసుకోవద్దని, తాను అచ్చు వేయించిన లెక్క సగమేనని చెప్పింది.

"నిన్న రాత్రి సంది మంట మండుతున్నది మేడం. అచ్చుల లేదు గదా అని, గది మిరపకాయ తొక్కుతోని వచ్చిందనుకున్న," అంది చెల్లె.

డాక్టరమ్మ కోరుట్ల డాక్టరుతో కూడా అప్పుడే మాట్లాడింది. నేను సాయంత్రానికి చెల్లె ఇంటికి చేరి మిగిలిన గోలీలు లెక్కపెట్టి సంచిలో వేసుకున్నాను. చెల్లె పది రోజులు పెరుగన్నం తిని, డాక్టరు రాసిన వేరే మందు వాడి, తేరుకుంది. తొక్కును నిందించినందుకు ఇప్పటికీ దెప్పుతుంటాను.

మరునాటి నుంచి ఆ పదకొండు కార్డుల కోసం వాడలో ఇల్లిల్లూ తిరిగాను. ఏరిన రోజే వాటిని ఎవరివి వాళ్లకు తిరిగి ఇచ్చేశాను. పక్కింటి వదినది చాట చిల్లు కింద అతికించి ఉంది. ఇంకో మూడు బియ్యం డబ్బాల వెనక, దేవుడి పటాల వెనక దొరికాయి. డాక్టరమ్మ పత్రికకు తప్పు ఒప్పుకుంటూ ఉత్తరం రాసింది, నా నోటుబుక్కు పేజీ నకలు జతచేసింది. జగిత్యాల ఫైలును ఎవరైనా చూసుకునేలా కంప్యూటర్లో పెట్టింది. మిగతా ఆడవాళ్లను అడిగితే "నీళ్ల పొయ్యిల ఏసిన, ఏం రాసి ఉండెనో యాదికి లేదు" అన్నారు.

కార్డులు ఇచ్చినవి నలభై. అప్పజెప్పినవి ఇరవై తొమ్మిది. ఏరేసినవి పదకొండు. దొరికినవి నాలుగు. పోయినవి ఏడు. ఒక్కో కార్డుకు నలభై రెండు రోజుల చొప్పున, ఏడుగురు ఆడవాళ్ల నొప్పి రాసి ఉన్న రెండు వందల తొంభై నాలుగు రోజులు.