ఉస్తాద్ దించమనేదాకా

పోయిన శుక్రవారం పొద్దున నేను ఎమ్మిగనూరులో బడికి బయలుదేరుతుంటే ఆదోని నుంచి మా ఉస్తాద్ భార్య, చాచీ, ఫోన్ చేసింది. "మీ ఉస్తాద్ పోయినాడమ్మా" అంది. ఆ తర్వాత ఇద్దరం ఏడ్చాం.

మా ఉస్తాద్ ఆదోని పత్తి మార్కెట్లో హమాలీ. సాయంత్రాలు ఇంటి వెనక రేకుల షెడ్డులో మాకు కసరత్తు నేర్పేవాడు. ఆ షెడ్డునే తాలీం అనేవాళ్లం. ఇసుక మూటను తలపైకి ఎత్తి, మోచేతులు వంచకుండా షెడ్డు పక్క మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు మోసుకుపోవడం ఆయన పెట్టే పందెం. అక్కడ ఆడపిల్లను నేనొక్కదాన్నే. "ఈ పిల్లకు మూటలెందుకు సాబ్, పెళ్లి చేసి పంపక?" అన్నాడొక పెద్దమనిషి. "ముందు నువ్వు ఎత్తప్పా, సూస్తాం" అన్నాడు ఉస్తాద్. పాపం, ఆ పెద్దమనిషి చేతిలో మూట మోకాలు కూడా దాటలేదు.

తాలీంలో ఒకటే చట్టం. ఎత్తిన బరువును మనంతట మనం దించకూడదు. ఉస్తాద్ "దించు" అనాలి. చేతులు వణికినా, చెమట కళ్లలో పడి మండినా అనేవాడు కాదు. లోపల ఎంత తిట్టుకునేదాన్నో! "నీకెంత సాతనైతాదో నీకు తెల్దు బేటీ, నాకు తెలుసు" అనేవాడు. నిజంగా దించాల్సిన క్షణం మాత్రం ఆయనకు ఎప్పుడూ తప్పలేదు. ఈరోజు బళ్లో పిల్లలకు ఆటలు నేర్పి బతుకుతున్నానంటే ఆ షెడ్డు పుణ్యమే.

నిరుడు ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. నమాజులో ఎత్తాల్సినప్పుడు చెవుల దాకా రాని ఆ చేతిని చూసుకుని నా ముందే ఏడ్చాడు. "ఇది ఒక్కసారి పైకి లేస్తే సాలు బేటీ" అన్నాడు. అప్పటి నుంచి ఆదివారాలు ఆదోని బస్సెక్కేదాన్ని. ఖాళీ చేతినే కొంచెం కొంచెం ఎత్తించేదాన్ని. నేను అనేదాకా దించకూడదు, అదే చట్టం. మొదట వేళ్లు కదిలాయి, తర్వాత మోచెయ్యి. అలసిపోతే "నీ అంత రాక్షసిని యాడా సూడలేదు" అని విసుక్కునేవాడు. "ఎవురు నేర్పినారో?" అనేదాన్ని. నవ్వేవాడు.

చివరి ఆదివారం నేను పోయొస్తానని లేస్తే తనూ గోడ పట్టుకుని లేచాడు. కుడిచెయ్యి నా తలమీద పెట్టాలని ఎత్తుతున్నాడు. అందుతుందో లేదోనని నేను వంగబోయాను.

"వంగద్దు!" అని గద్దించాడు.

చెయ్యి నా భుజం దాటింది, చెవి దాటింది, తలమీదికి వచ్చింది. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన చెయ్యి తీయలేదు. నుదుటి నిండా చెమట, కాళ్లు తడబడుతున్నాయి, అయినా తీయడే.

వంటింట్లోంచి చాచీ పరుగెత్తుకొచ్చింది. "ఏందమ్మా అట్ల నిలబడినావు! పడిపోతాడు, దించమను!"

అప్పుడు తెలిసింది, ఆయన నా మాట కోసం చూస్తున్నాడని.

"దించు ఉస్తాద్" అన్నాను.

ఆ చెయ్యి నా జుట్టు మీదుగా మెల్లగా కిందికి జారింది. ఇంకొంచెం సేపు ఆగి అనుంటే బాగుండేది.