మూడు వందల ఎనభై ఒక్క కోట్ల వరుస

రిటైర్మెంటుకు ఏడేళ్ల ముందు, జూన్ నెలలో, ఎల్లారెడ్డిలోని ఒక ఉన్నత పాఠశాలకు స్కూల్ అసిస్టెంటుగా, అంటే లెక్కల పంతులుగా, బదిలీ అయ్యాను. కాపురం కామారెడ్డిలో. రోజూ బస్సులో నిలబడి చేసిన ప్రయాణమంతా కలిపితే చంద్రుణ్ణి రెండుసార్లు చుట్టి, నాగిరెడ్డిపేటలో చాయ్ తాగి రావచ్చు.

ఆ చలికాలం కామారెడ్డిలో జిల్లా వైజ్ఞానిక ప్రదర్శన. మా బడి ఎన్నడూ జిల్లా దాటలేదు. ఈసారి రాష్ట్ర స్థాయికి పంపకపోతే మళ్లీ సుద్దముక్క ముట్టనని హెడ్మాస్టరు ముందు శపథం చేసేశాను. నా ధీమా అంతా ఒక్క సంఖ్య మీద: 3816547290. సున్నా నుంచి తొమ్మిది దాకా ప్రతి అంకె ఒక్కసారే వస్తుంది. ఎడమ నుంచి మొదటి రెండంకెలు, 38, రెండుతో భాగమవుతుంది, 381 మూడుతో, 3816 నాలుగుతో, అలా చివరకు మొత్తం పదితో. పదంకెలూ ఒక్కోసారే వాడి ఇలా కుదిరే సంఖ్య బ్రహ్మాండంలో ఇదొక్కటే. ఈ ఒక్క మాట మాత్రం నేను పెంచి చెప్పడం లేదు.

పది మంది పిల్లలకు పది అంకెల అట్టలు ఇచ్చాను. బడి వరండాలో పది గళ్లు గీసి, ఎవరి గడి వారికి నిద్రలో లేపినా చెప్పేలా నేర్పించాను.

ప్రదర్శనలో గంట కొట్టాక గైడ్ టీచరు, అంటే పిల్లల్ని తయారుచేసినవాడు, నోరు విప్పకూడదని నియమం. గంట కొట్టారు. వేదిక మీద గళ్లు లేవు. గళ్లు కనపడకపోయేసరికి నేర్చిన చోట్లు కలగాపులగమై పిల్లలు బిక్కమొహాలు వేశారు. వెంట వచ్చిన మా వ్యాయామ ఉపాధ్యాయుడు భూమయ్య సారు ఈల వేస్తే పోచారం చెరువు నీళ్లు కూడా కదలకుండా నిలబడతాయి. ఆయన పొద్దుటి ప్రార్థనలో లాగే పిల్లల్ని ఎత్తు ప్రకారం నిలబెట్టేశాడు.

"పొట్టోళ్లు ముంగటికి! కదిలిండ్రంటే చూడుండ్రి!"

అందరికన్నా పొట్టిది లావణ్య. ఆమె చేతిలో సున్నా.

"గిదేంది, గింత గొప్ప సంఖ్య సున్నతోని మొదలైతదా?" అన్నారు న్యాయనిర్ణేతగా వచ్చిన లెక్కల లెక్చరర్.

లావణ్య వరుస చివరికి నడిచింది.

"నేను ఆఖరుకు పోత సార్. సున్న ఆఖరుకుంటేనే పదితోని భాగమైతది. ఏయ్ ఐదూ, నువ్వు ఐదో జాగల నిలబడు! సరి అంకెలన్ని సరి జాగలల్లకు రాండ్రి!"

"లైను చెడగొడ్తున్నవేందే?" అన్నాడు భూమయ్య సారు.

"లైను మీదే సార్, లెక్క మాది."

మూడు, ఎనిమిది, ఒకటి వాళ్లకు గుర్తే. నాలుగో చోటు కోసం రెండూ ఆరూ తోసుకున్నాయి. రెండు నిలబడితే ఆరంకెల సంఖ్య ఆరుతో పోలేదు, ఆరే గెలిచింది. ఏడో చోట తొమ్మిది నిలబడింది. లెక్చరర్ ఆహ్వానపత్రిక వెనక భాగించి, "శేషం రెండు!" అని అరిచారు.

"తొమ్మిదిల రెండు తీస్తే నేనే సార్!" అంటూ ఏడు అట్ట పట్టుకున్న పిల్లాడు తొమ్మిదిని పక్కకు నెట్టేశాడు.

"ఆగుండ్రి, ఎనిమిదితోని నేనే చేస్త!" అని లెక్చరర్ కుర్చీ వదిలి వేదికెక్కేశారు. భోజనానికి పిలిస్తే వినలేదు. భూమయ్య సారు ఈల నోట్లో పెట్టుకుని, ఊదడం మరిచి, వేళ్ల మీద లెక్కపెడుతున్నాడు.

రాష్ట్ర స్థాయికి ఎంపికయ్యాం. మార్కుల కాగితం మీద లెక్చరర్ రాసిన కారణం ఒక్క వాక్యం: పిల్లలు సంఖ్యను అప్పజెప్పలేదు, వెతికి పట్టుకున్నారు.

లావణ్య వాడిన సూత్రాలు ఆరో తరగతివే. వరండాలో నేను వాటిని ఒక్కసారీ అడగలేదు. ఆ తర్వాతి సర్వీసులో ఏ పిల్లకూ గడి గీసి చూపించలేదు. అట్ట చేతికిచ్చి ఎక్కడ నిలబడతావు, ఎందుకు అని అడిగాను. సిలబస్ ఏటా పదిహేను రోజులు ఆలస్యంగా పూర్తయ్యేది.