రైలు కిటికీ దగ్గర నేను చెప్పిన అబద్ధం

ఆ సినిమా తెలుగులో శంషాబాద్ టాకీసుకు వచ్చేనాటికి దాని అరవ మాతృకను నేను చూసి నాలుగేళ్లయింది. మా నాన్న ఉద్యోగం మద్రాసు నుంచి హైదరాబాద్‌కు మారాక, సిటీలో అద్దెలు భరించలేక శంషాబాద్‌లో ఇల్లు తీసుకున్నాం. నాకప్పుడు ఇరవై రెండు. షాద్‌నగర్ రోడ్డులో మాత్రలు డబ్బాల్లో సర్దే ఒక చిన్న కంపెనీలో చేరాను. తొంభైల మొదటి సంవత్సరాలు అవి.

మా బల్ల దగ్గర ఆరుగురం ఆడవాళ్లం. అందరిలోకీ పెద్దది తొండుపల్లి నుంచి వచ్చే అక్క. ముప్పై అయిదేళ్లుంటాయి. ఆమె భర్త తాపీ పనికి బొంబాయి వెళ్లాడు. మొదటి ఏడాది ఉత్తరాలు వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. అయిదో ఏడు నడుస్తోంది. అయినా ఆమె నల్లపూసలు తీయలేదు, మెట్టెలు తీయలేదు. ఎవరైనా ఆయన మాటెత్తితే "పని మీదున్నడు" అనేది, అంతే.

అక్క దగ్గర ఒక విద్య ఉంది. ఆదివారం చూసిన సినిమాను సోమవారం అన్నాల వేళ పూసగుచ్చినట్టు చెప్పేది. సూపర్‌వైజరు కూడా తలుపు దగ్గర నిలబడి వినేవాడు. ఈ సినిమాను మాత్రం ఆమె మూడు సార్లు చూసి మూడు సోమవారాలు చెప్పింది. భార్యను వదిలి పట్నంలో మరో పెళ్లి చేసుకున్న మొగుడు, ఏళ్ల తర్వాత ఒక స్టేషన్‌లో రైలు కిటికీలోంచి ఆమెను చూస్తాడు. ఆమె ప్లాట్‌ఫాం మీద పూలమ్ముతుంటుంది.

"ఇగ రైలు కదుల్తది," అని అక్క అన్నం ముద్ద చేతిలోనే పట్టుకుని ఆగేది. "ఈమె గట్లనే నిలవడ్డది. పిలువలే, ఏడ్వలే. వాడు సూడబట్టె, సూడబట్టె... కదిలే రైల్లకెల్లి దునికిండు."

అందరూ కళ్లు తుడుచుకునేవారు. మూడో సోమవారం నేను నోరు తెరిచాను.

"అసలు సినిమాలో అతను దిగడక్కా."

"ఏంది?"

"తమిళంలో దిగడు. రైలు వెళ్లిపోతుంది. మనవాళ్లకు అలాంటివి గిట్టవని తెలుగులో మార్చేశారు."

అంతటితో ఆగలేదు. తెలుగులో హీరోయిన్ ఇసుక తట్టలు మోసే సీనులో కూడా ఇస్త్రీ చీర కట్టిందనీ, అరవంలో ఆ అమ్మాయి నిజంగానే చెమటతో, మాసిన జాకెట్‌తో ఉంటుందనీ చెప్పాను. పాటలు మూడు అదనమన్నాను. మంచు కొండల్లో కల వచ్చేదీ, తాగుబోతు మేనమామ నవ్వించేదీ తెలుగులో అతికించినవే అన్నాను. మాతృక ముందు ఇది ఎందుకూ పనికిరాదన్నాను.

అక్క శాంతంగా విన్నది. "బతుకుల లేనిదే కదా చెల్లె సిన్మాల జూసేది. ఉన్నది జూసెతందుకు టికెట్ ఎందుకు?" అంది. తర్వాత నా గొంతు పెట్టి, "ఏమిటండీ, అసలు సినిమాలో అలా లేదండీ" అని వెక్కిరించింది. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆమె వెక్కిరింపులో విషం లేదు. నా యాసను వాళ్లు రోజూ అలాగే ఆట పట్టించేవారు.

ఆ నవ్వుకంటే నాకు మండిపోయిన సంగతి వేరే ఉంది. ఆమె చెబుతుంటే, ఆ మార్చిన ముగింపే బాగున్నట్టు నాకూ అనిపించింది. అంత మంచి మాతృకను ఎరిగినదాన్ని, ఆమె మాటకు నా కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. అది ఓర్చుకోలేకపోయాను.

సికింద్రాబాద్‌లో ఒక వీడియో షాపులో అరవ క్యాసెట్ దొరికింది. వచ్చే ఆదివారం మా ఇంట్లో వీసీఆర్ కిరాయికి తెప్పిస్తున్నాననీ, అందరూ రావాలనీ పిలిచాను. పిలుపులో ప్రేమ లేదు. అక్క నోట మాట పడిపోతే చూడాలని పిలిచాను.

అయిదుగురూ వచ్చారు. మా అమ్మ టీ ఇచ్చింది. అక్క కుర్చీ వద్దని టీవీకి దగ్గరగా చాప మీద కూర్చుంది. నేను పక్కన కూర్చుని ప్రతి మాటా తెలుగులో చెబుతూ వచ్చాను. మొదటి అరగంట వాళ్లు పాటల కోసం చూశారు. తర్వాత కదలకుండా కూర్చున్నారు. అందులో భార్య ఎక్కడా డైలాగులు కొట్టదు. పొయ్యి ముందు కూర్చుని ఊదుతూ ఉంటుంది, అంతే. అక్క ఆ పొయ్యినే చూస్తోంది. సినిమా ఆమెను పట్టుకుందని నాకు తెలిసింది. గెలిచానని సంతోషించాను.

స్టేషన్ సీను వచ్చింది. కిటికీలో భర్త, కింద పూలబుట్టతో భార్య. రైలు కదిలింది. అతను దిగలేదు. కిటికీ ఊచల మధ్య నుంచి మెల్లగా ఒకే ఒక మాట అన్నాడు. క్షమించమని అడిగాడు. ఆ సినిమాలో ఉన్న ఒకే ఒక్క దయ అది. నలుగురు నావైపు తిరిగారు. అక్క మాత్రం తెర నుంచి చూపు తిప్పకుండా, "ఏమంటుండు?" అని అడిగింది.

"నువ్వెవరో నాకు తెలియదు, అంటున్నాడు," అన్నాను.

ఎందుకన్నానని ఇన్నేళ్లలో నన్ను నేను చాలాసార్లు అడిగాను. అరక్షణం కూడా ఆలోచించలేదు. ఆ మాట ముందే నోట్లో సిద్ధంగా ఉన్నట్టు వచ్చింది. తెలుగువాళ్లు మాతృకను చెడగొట్టారని అంతగా ఊదరగొట్టిన మనిషినే, దాని గుండెకాయలాంటి మాటను తీసి అవతల పారేశాను.

"ఇంకోపారి ఎయ్యి," అంది అక్క.

వెనక్కి తిప్పి వేశాను. మళ్లీ వెయ్యమంది. మళ్లీ వేశాను. ఈసారి తెర మీద నుంచి చూపు తిప్పి నన్ను చూసింది, చాలాసేపు. తర్వాత లేచి, తాగిన గ్లాసు తానే కడిగి బోర్లించింది. "మంచిగుంది సిన్మా. ఉన్నదున్నట్టు దీసిండ్రు," అని మా అమ్మకు చెప్పి వెళ్లిపోయింది.

ఆ సోమవారం నుంచి ఆమె సినిమాలు చెప్పడం మానేసింది. అన్నం తిని గోడకు ఆనుకుని కళ్లు మూసుకునేది. ఆమె చోటు నాకు దొరుకుతుందనుకుని నేనొక కథ మొదలుపెట్టాను. సగంలో ఇద్దరు చేతులు కడుక్కోవడానికి లేచిపోయారు. మూడోది, "నీ అరవ సిన్మా పాడుగాను, మంచిగున్న అక్కను మూగదాన్ని జేసినవ్," అంది.

వానాకాలంలో ఒక సాయంత్రం, డ్యూటీ దిగి గేటు దగ్గరికి వచ్చేసరికి వాచ్‌మన్ అక్కను పిలిచాడు. "అక్కా, నీ కోసం ఎవరో పొద్దటిసంది కూసున్నడు."

రేకుల షెడ్డు కింద ఒక మనిషి లేచి నిలబడ్డాడు. చంకలో రెగ్జిన్ సంచి. చొక్కా లోపల ఒళ్లు లేదు, ఎముకలే. దగ్గు ఆగాక, "నేను... వచ్చిన," అన్నాడు.

నేను ఆమె వెనక రెండడుగుల దూరంలో ఉన్నాను. ఆమె వీపు మాత్రమే కనిపిస్తోంది. పైట కొంగు సర్దుకుంది. గొంతు పెంచకుండా, తగ్గించకుండా, "నువ్వెవరో నాకు తెల్వదు," అంది.

అతను సంచి కింద పెట్టి దాని మీదే కూర్చున్నాడు. ఆమె బస్టాపు వైపు నడిచింది. బస్సెక్కాక కిటికీలోంచి చూస్తే అతనింకా అక్కడే ఉన్నాడు. అక్క ఆ వైపు తల తిప్పలేదు.

అతన్ని షాద్‌నగర్‌లో ఉండే తమ్ముడు వచ్చి తీసుకుపోయాడని తర్వాత తెలిసింది. ఊపిరితిత్తులు పోయాయట. హైదరాబాద్‌లో పెద్ద దవాఖానలో చేర్చారు. నెల తిరగకుండానే పోయాడు. అక్క దవాఖానకు వెళ్లలేదు. మట్టికి మాత్రం వెళ్లింది. పన్నెండు రోజుల తర్వాత బొట్టు లేకుండా పనిలోకి వచ్చి, డబ్బాలు సర్దడం మొదలుపెట్టింది.

నాకు అన్నం దిగడం మానేసింది. ఒక మధ్యాహ్నం నల్లా దగ్గర ఆమె ఒక్కతే దొరికితే వెళ్లాను.

"అక్కా, ఆ రోజు మా ఇంట్లో నేను అబద్ధం చెప్పాను. అతను నిజానికి అన్నది..."

"మన్నిచ్చిడు అన్నడు," అంది ఆమె గిన్నె కడుగుతూనే. "మన్నించు అన్నట్టే కదా. గది అరవమైతేంది, నాకు చెవుల్లేవా? రెండుసార్లు మళ్ల ఎందుకు ఎయ్యమన్న అనుకున్నవ్?"

"మరి అప్పుడే ఎందుకనలేదు?" అన్నాను.

"మీ అమ్మ చాయ్ పోసింది. నలుగురి ముంగట ఆమె బిడ్డ పరువు దీసుడెందుకని ఊకున్న."

"మరి గేటు దగ్గర ఆయనతో..."

గిన్నెలో నీళ్లు పారబోసింది. "నీ మాట మంచిగనిపించింది. గంత చిన్న మాటతోని మనిషిని గట్ల జంపొచ్చని నాకు అంతకుముందు తెల్వదు. అక్కరకొచ్చింది."

ఏడుస్తూ ఆమె చేయి పట్టుకోబోయాను. వెనక్కి తీసుకుంది. "నువ్వెందుకు ఏడుస్తున్నవ్? నీదేం బోయింది? అయిదేండ్లు నేను ఎదురు జూసిన. అన్నది గూడ నేనే. నీ సిన్మా జూసి అన్న అనుకుంటున్నవా?"

నిజమేమిటో ఇప్పటికీ నాకు తెలియదు. ఆమె నా నుంచి ఆ తప్పును కూడా లాగేసుకుంది. అది క్షమించడం కాదని మాత్రం నాకు అర్థమైంది.

మర్నాడు సూపర్‌వైజరును అడిగి అక్క గోడ అవతలి గదిలో బల్లకు మారింది. ఒకటి రెండు నెలల్లో అక్కడ మళ్లీ సినిమాలు చెప్పడం మొదలుపెట్టింది. గోడ అవతల నుంచి నవ్వులు వినిపించేవి. నేను ఆ కంపెనీలో మరో ఏడాది పనిచేశాను. ఎప్పుడైనా అన్నం డబ్బా పట్టుకుని వాళ్ల దగ్గరికి వెళితే, ఆమె కథ సగంలో ఆపి, "ఇగ లేవుండ్రి, బెల్లు కొడ్తరు," అనేది. అందరూ లేచేవారు. బెల్లుకు ఇంకా పావుగంట ఉండేది.